పెట్టె మీద పేరు

1988లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో బొమ్మల వ్యాపారుల ప్రదర్శన జరుగుతోంది. అక్కడికి వచ్చిన పదముగ్గురు ఆటల రూపకర్తలు ఒక బీరు అట్ట తీసుకున్నారు. గ్లాసు కింద పెట్టుకునే మామూలు అట్టబిళ్ల అది. పెట్టె మీద మా పేరు వెయ్యని కంపెనీకి మాలో ఎవరూ ఆట ఇచ్చేది లేదని దాని మీద రాసి, తలా ఒక సంతకం పెట్టారు.

అప్పటిదాకా బోర్డు ఆట కొంటే పెట్టె మీద కంపెనీ పేరు బారెడు అక్షరాల్లో ఉండేది. ఆ ఆట ఎవరి బుర్రలో పుట్టిందో చాలా పెట్టెలు చెప్పేవి కావు. ఇప్పుడు జర్మన్ ఆటల దుకాణానికి వెళ్తే నవల అట్ట మీద రచయిత పేరున్నట్టు దాదాపు ప్రతి పెట్టె మీదా రూపకర్త పేరుంటుంది. కొనేవాళ్లు కూడా ఆ పేరు చూసే కొంటారు. ఈ మార్పు ఎంత దూరం వచ్చిందో చూడాలంటే అక్టోబరులో ఎస్సెన్ వెళ్లాలి.

ఎస్సెన్ బొగ్గూ ఉక్కూ ఊరు. క్రుప్ వారి ఫిరంగుల ఊరు. మన కొత్తగూడెం, గోదావరిఖనిలాగా తరతరాలు గనిలోకి దిగి బతికినవాళ్ల ఊరు. అక్కడి చివరి గని జోల్‌ఫెరైన్ 1986 డిసెంబరులో మూతపడింది. 2001లో అదే గనిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గని ఇంకా నడుస్తున్న రోజుల్లోనే, 1983లో, ఫ్రీడ్‌హెల్మ్ మెర్జ్ అనే ప్రచురణకర్త ఆ ఊళ్లో ఒక వయోజన విద్యాకేంద్రం గదుల్లో ఆటగాళ్ల సమావేశం పెట్టాడు. అదే పెరిగి పెరిగి ‘స్పీల్’ అయింది. స్పీల్ అంటే ఆట. చోటు చాలక ఊళ్లోని పెద్ద ప్రదర్శనశాలకు మారింది. 2019లో నాలుగు రోజులకూ కలిపి 2,09,000 మంది వచ్చారని నిర్వాహకుల లెక్క. 2020లో కరోనా వల్ల హాళ్లు తెరవలేదు.

వ్యాపారుల కోసం పెట్టే ప్రదర్శన వేరు, ఇది వేరు. న్యూరెంబర్గ్‌లో ఆర్డర్లు రాసుకుంటారు. ఎస్సెన్‌లో టిక్కెట్టు కొన్న ఎవరైనా కుర్చీ లాక్కుని కూర్చుని ఆడొచ్చు. మెర్జ్ ఆలోచనలో అసలు బలం అదేనని నాకనిపిస్తుంది. ఆటను గాజు బీరువాలో పెట్టి చూపిస్తే ఏం తెలుస్తుంది? పావు చేతికి రావాలి.

గురువారం ఉదయం పదింటికి తలుపులు తీస్తారు. తీయగానే ఒక గుంపు ఖాళీ సంచులతో, చక్రాల పెట్టెలతో పరుగు తీస్తుంది. అనుకున్న కొత్త ఆట అయిపోకముందే కొనేయాలని వాళ్ల ఆత్రం. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం ముందు బల్ల పట్టుకుంటారు. ఏటా వెయ్యికి పైగా కొత్త ఆటలు వచ్చే చోట అన్నీ ఆడటం బ్రహ్మతరం కాదు. ఒక్కో ఆటకు నియమాలు వినడానికి పావుగంట, ఆడటానికి గంటో రెండు గంటలో పడుతుంది. మధ్యలో బల్ల ఖాళీ కావాలి, ఇంత తినాలి. సాయంత్రం ఏడింటికి తలుపులు మూసేలోగా ఆడగలిగేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. బల్ల దగ్గర నలుగురు పట్టే చోట ఇద్దరే ఉంటే, దారినపోయే మరో ఇద్దర్ని పిలిచి కూర్చోబెడతారు. ఊరూ పేరూ తెలియనివాళ్లు గంటసేపు ఒకరి పొలం ఒకరు ఆక్రమించుకుని, నవ్వుకుని, తలో దారిన పోతారు.

బల్లకొకరు చొప్పున ఆట నేర్పేవాళ్లుంటారు. జర్మన్లు సరదాగా వాళ్లను ‘వివరించే ఎలుగుబంట్లు’ అంటారు. పొద్దున్నుంచీ అవే నియమాలు, కొత్త మొహాలకు. మంచి ఎలుగుబంటి ముందు గెలుపు ఎలాగో చెప్పి, తర్వాత ఒక వంతు ఆడించి, మిగతాది ఆటలోనే నేర్పేస్తుంది. చెడ్డది నియమావళి మొదటి పేజీ నుంచి పారాయణ మొదలుపెడుతుంది.

ఈ ఆటలు ఎలా ఉంటాయో తెలియాలంటే 1995లో వచ్చిన ‘కాటాన్’ చూస్తే చాలు. క్లాస్ టాయిబర్ దీన్ని తయారుచేశాడు. ఆయన వృత్తి కట్టుడు పళ్లు చేయడం. డార్మ్‌స్టాట్ దగ్గర సొంత ల్యాబు ఉండేది. పగలంతా ల్యాబులో పని, రాత్రి ఇంటి నేలమాళిగలో ఆటలు. కొత్త ఆటలన్నిటికీ మొదటి పరీక్ష ఇంట్లోవాళ్ల మీదే. కాటాన్ ఇప్పటికి నలభైకి పైగా భాషల్లో, కోట్ల పెట్టెల్లో అమ్ముడుపోయింది. టాయిబర్ 2023 ఏప్రిల్‌లో కన్నుమూశాడు.

బల్ల మీద పంతొమ్మిది ఆరుపలకల బిళ్లలు పేరుస్తారు. అడవి, గడ్డిబీడు, గోధుమ పొలం, ఇటుక మట్టి, ఖనిజం కొండ, ఒక ఎడారి. పేర్చిన ప్రతిసారీ దీవి రూపం మారిపోతుంది. ఎడారి తప్ప ప్రతి బిళ్ల మీదా ఒక అంకె. రెండు పాచికలు వేస్తే ఎనిమిది పడిందనుకోండి, ఎనిమిది అంకె ఉన్న బిళ్ల మూలన ఊరు కట్టుకున్నవాళ్లందరికీ ఆ సరుకు వస్తుంది. పాచికలు ఎవరు వేశారన్నదానితో పని లేదు. అందుకే ఎదుటివాడి వంతులోనూ ఎవరి కళ్లూ బల్ల మీంచి కదలవు. ఆరు, ఎనిమిది అంకెలు ఎర్రగా అచ్చేసి ఉంటాయి, ఎందుకంటే పాచికల జత పడే 36 తీర్లలో వాటికి అయిదేసి తీర్లున్నాయి. రెండుకూ పన్నెండుకూ ఒక్కొక్కటే. ఏడుకు అన్నిటికంటే ఎక్కువ, ఆరు. అందుకే ఏడు పడితే దొంగ కదులుతాడు. చేతిలో ఏడు కన్నా ఎక్కువ కార్డులు దాచుకున్నవాడు సగం వదులుకోవాలి.

బేరాలు మొదలయ్యేదాకానే నిశ్శబ్దం. “రెండు గొర్రెలిస్తా, ఒక ఇటుకిస్తావా?” “గొర్రెలు నాకెందుకు, గోధుమలుంటే చెప్పు.” ఈ గోల లేకపోతే కాటాన్ లేదు. పది పాయింట్లు ముందు చేరినవాళ్లదే గెలుపు. ఆఖరి నిమిషం దాకా ఎవరూ బల్ల విడిచి లేవరు. మోనోపలీలో ముందే దివాలా తీసినవాడు మూల కూర్చుని ఆవలించాలి, ఇక్కడ ఆ బాధ లేదు.

ఇలాంటివి జర్మనీలోనే ఎందుకు పుట్టాయి? ఒక కారణం పత్రికలు. అక్కడ పుస్తకాన్నో సినిమానో సమీక్షించినట్టు ఆటనూ సమీక్షించే విమర్శకులున్నారు. వాళ్లే కలిసి 1979 నుంచి ఏటా ఒక ఆటకు ‘స్పీల్ దెస్ యారెస్’ బహుమతి ఇస్తున్నారు. తొలి బహుమతి ఇంగ్లిషువాడు డేవిడ్ పార్లెట్ చేసిన కుందేలు–తాబేలు పందేనికి దక్కింది. బహుమతి చిహ్నం ఉంటే పండగ రోజుల్లో ఆ పెట్టె ఇంటింటికీ చేరుతుంది. రెండో కారణం, రెండు యుద్ధాలు చూసిన దేశానికి దేశాలను జయించే ఆటంటే ఇబ్బంది. ‘రిస్క్’ ఆట జర్మన్ నియమాల్లో చివరికి ‘జయించడం’ పోయి ‘విముక్తి చేయడం’ వచ్చింది. ఆ మాట మార్పుతో సైనికులేం మారలేదనుకోండి. కొత్త రూపకర్తలు మాత్రం కత్తికి బదులు ఇటుకలతో ఆట అల్లారు.

అంతకంటే ముందు జర్మనీ ఇళ్లను ఏలిన ఆట మనదే. మ్యూనిక్‌లో జోసెఫ్ ఫ్రీడ్రిక్ ష్మిట్ 1907–08 శీతాకాలంలో తన ముగ్గురు కొడుకుల కోసం ఒక ఆట గీశాడు. 1914లో దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 3,000 పెట్టెలు సైనిక ఆసుపత్రులకు ఉచితంగా పంపాడు. గాయపడి పడుకున్న సైనికులు ఆడి ఆడి, ఇంటికి తిరిగి వెళ్లి నేర్పారు. ‘కోపం తెచ్చుకోకు నాయనా’ అని దాని పేరు. బోర్డు చూస్తే నాలుగు చేతుల శిలువ, ఎదుటి కాయను చంపి మొదటికి పంపడం, మన కాయను మధ్యకు చేర్చి పండించడం. పచ్చీసు! ఫతేపూర్ సిక్రీలో అక్బరు అంగణంలో రాతి నేల మీద గీసి ఉన్నది ఆ ఆటే. ఇంగ్లండు దాన్ని లూడో అంది, అమెరికా పార్చీసీ అంది. పెట్టెలన్నిటి మీదా ఎవరి కంపెనీ పేరు వాళ్లది.

మనకు ఆటలు రాసిపెట్టినవాడే లేడనలేం. మైసూరు పాలకుడు మూడో కృష్ణరాజ ఒడెయరు (1794–1868) స్వయంగా ఆటలు రూపొందించాడు. ఆయన ‘శ్రీతత్త్వనిధి’లో ‘కౌతుకనిధి’ అనే భాగమంతా ఆటలకే కేటాయించాడు. అది రాజుగారి సంగతి. మూడు పులులు పదిహేను మేకల పులిజూదం, దాడి, అష్టాచెమ్మా మాత్రం అరుగుల మీద సుద్దముక్కతో గీసి, చింతపిక్కలతో గవ్వలతో ఆడి, సాయంత్రానికి చెరిపేసినవి. గుడి మండపాల్లో రాతి మీద చెక్కిన గళ్లు మిగిలాయి. ఆ గళ్లలో ఎలా ఆడాలన్నది నోటి మాటగానే నడిచింది. అందుకే ఊరికొక పద్ధతి. ఒక్క కాయనైనా చంపకుండా లోపలి గళ్లలోకి పోకూడదని ఒక ఇంట్లో అంటే, పక్క ఊరి కోడలు అలాంటిదేం లేదంటుంది. అత్తాకోడళ్ల తగువుల్లో ఇది పనికొచ్చే తగువు. ఇద్దరి మాటా రాసుకుంటే రెండు నియమావళులు దొరుకుతాయి.

ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మీ ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి ఆ నియమాలు అడగండి. ఎన్ని గవ్వలు, ఎన్ని గళ్లు, పందెం ఎప్పుడు మురుగుతుంది, కాయ ఎక్కడ పండుతుంది, అన్నీ ఒక కాగితం మీద రాయండి. గళ్లు కూడా గీయండి. ఆ కాగితం పైన ఆవిడ పేరు, ఊరి పేరు రాయడం మరిచిపోకండి.