మతం లేని గడి: నాస్తికోద్యమం, జనన నమోదు
తెలుగునాట నాస్తికోద్యమ చరిత్రను దేవుని ఉనికిపై సాగిన వాదాలకే పరిమితం చేయడం పరిపాటి. నిజానికి గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం సహపంక్తి భోజనాలకు, కులాంతర వివాహాలకు అంతే ప్రాధాన్యమిచ్చింది. అయితే వివాహం కులాన్ని దాటినా, బిడ్డ పుట్టగానే ప్రభుత్వ దరఖాస్తు కులమతాలను అడుగుతూనే ఉంది. తెలంగాణలో ఒక జంటకు ఎదురైన చిక్కు ఇదే. కులమతాలు పేర్కొనకుండా కుమారుని జననాన్ని నమోదు చేయించుకోలేక వారు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. దేవుడు లేడని నిరూపించవలసిన అవసరం ఈ వ్యాజ్యానికి లేదు. రాజ్యానికి ఆ ప్రశ్న అడిగే అధికారం ఉందా అన్నదే వివాదాంశం. రాజ్యాంగం 25వ అధికరణం ఏ మతాన్నీ అవలంబించకుండా ఉండే స్వేచ్ఛను కూడా ఇస్తుందన్న దృష్టితో తెలంగాణ హైకోర్టు 2023లో దరఖాస్తులో ‘మతం లేదు’, ‘కులం లేదు’ అనే గడిని చేర్చాలని ఆదేశించింది.