పళ్ళెంలో పలకని పుస్తకాలు



2008 వేసవిలో, నేనింకా బడిలో తెలుగు చెబుతున్న రోజులలో, కంచన్‌బాగ్‌లోని మా ఇంటి కంప్యూటరులో డిస్కు డ్రైవు మొరాయించింది. సీడీ పెడితే గిర్రున తిరిగేది, ఆగేది. డిస్కు లేదని తెర పలికేది.

ఆ సీడీలలో ఉన్నవి పాటలు కావు. భారత డిజిటల్ లైబ్రరీ నుంచి దించుకొన్న పాత తెలుగు గ్రంథాలు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్స్ సంకల్పంలో భాగమది. 1982లో మా కంచన్‌బాగ్ డి.ఆర్.డి.ఎల్.కు సంచాలకులుగా వచ్చిన అబ్దుల్ కలాం గారే, రాష్ట్రపతిగా 2003లో దానిని ఆవిష్కరించారు. ఒక్కొక్క పుట ఒక్కొక్క బొమ్మగా వచ్చేది. మా నత్తనడక కనెక్షనుతో ఒక్క పుస్తకానికే రెండు మూడు రాత్రులు పట్టేది.

సీడీలు చెడిపోయాయని నిశ్చయించుకొన్నాను. మా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చి, "సార్, పాఠం రాకపోతే తప్పు పుస్తకానిదో, కళ్ళదో ముందు చూడాలి కదా!" అన్నాడు. నా మాట నాకే అప్పగించాడు.

అతడు కరెంటు తీసి, వెనుక తీగలు బిగించి, మెత్తని గుడ్డతో సీడీని మధ్యనుంచి అంచుకు నిలువుగా తుడిచాడు. గుండ్రంగా తుడవరాదట. కారణం దాని చరిత్రలోనే ఉంది. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించి 1982లో అంగడికి తెచ్చిన ఈ 12 సెంటీమీటర్ల బిళ్ళపై అక్షరమాల మధ్యనుంచి బయటికి చుట్టలుగా సాగుతుంది. రీడ్, సాలమన్ అనే ఇద్దరు 1960లో ప్రకటించిన గణితంతో, సరిచూచుకొనే అదనపు అంకెలను చేర్చి, అన్నిటినీ దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు. అడ్డగీత ఒక్కొక్క చుట్టలో కొంచెమే పోగొడుతుంది. చుట్టవెంట పడిన గీత ఒకేచోట అంతా మింగుతుంది.

ఇది మనకు కొత్త కాదు. పురుగు తిన్న తాళపత్రంలో యతిస్థానపు అక్షరాన్ని పాదం మొదటి అక్షరం పట్టిస్తుంది. రెండవ అక్షరాన్ని ప్రాస చెబుతుంది. గణం లెక్క చూస్తుంది. కాని పాదమే పోతే ఏ ఛందస్సూ దానిని తేలేదు.

తుడిచినా సీడీ పలకలేదు. అప్పుడతడు ఒక డీవీడీ పెట్టాడు. అది చక్కగా ఆడింది! డ్రైవులో రెండు కిరణాలు: డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రనిది, సీడీకి 780 నానోమీటర్ల కంటికి కానరానిది. రెండవది క్షీణించింది. తప్పు కళ్ళదే.

కొత్త డ్రైవు బిగించగా అన్నీ తెరుచుకొన్నాయి, ఒక్కటి తప్ప. దానిపై పేరును నేను బాల్‌పెన్నుతో ఒత్తి రాశాను. కిందివైపు దళసరి ప్లాస్టిక్కు కాపుంటుంది. రాత మాత్రం పైపూతకు ఆనుకొనే ఉంటుంది. పేరు రాసి పుస్తకాన్ని చెరిపాను.

ఆ లైబ్రరీ జాలస్థలం కూడా తరువాత మూతపడింది. ఎవరో ముందే ప్రతులు తీసినందున దాని పుస్తకాలు లక్షలాదిగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేడు దొరుకుతున్నాయి. తాళపత్రాలను నిలిపింది ఆకు గట్టిదనం కాదు, తిరగరాసిన చేతులు. మీ బీరువాలలో పాత సీడీలుంటే, చదివే డ్రైవు దొరుకుతుండగానే ప్రతి తీసుకోండి. డబ్బామీద రాయండి, బిళ్ళమీద కాదు.