ఇల్లినాయిస్ 13వ సెనేట్ నియోజకవర్గం

అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్ర సెనేట్‌కు షికాగో నగరం నుంచి ప్రతినిధిని పంపే నియోజకవర్గాల్లో 13వది ఒకటి. మిషిగన్ సరస్సు ఒడ్డున నగర దక్షిణ భాగంలో ఉన్న హైడ్ పార్క్, కెన్‌వుడ్ పేటలు దీనికి గుండెకాయ. బరాక్ ఒబామా 1997 జనవరి నుంచి 2004 నవంబరు దాకా ఇక్కడి సెనేటర్‌గా ఉండటం వల్ల దీని పేరు దేశమంతా తెలిసింది. ఇది చాలా ఏళ్లుగా డెమోక్రటిక్ పార్టీ కంచుకోట. నవంబరు పోలింగు ఇక్కడ దాదాపు లాంఛనమే. సీటు ఎవరిదన్నది అంతకు ముందే, వేరే చోట్ల తేలిపోతుంది.

ఇల్లినాయిస్ సెనేట్‌లో 59 స్థానాలున్నాయి. ఒక్కో సెనేట్ నియోజకవర్గాన్ని రెండుగా చీల్చి, దిగువ సభకు ఇద్దరిని ఎన్నుకుంటారు. అలా ఆ సభకు 118 మంది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒక సెనేట్ స్థానానికి సుమారు 2.17 లక్షల మంది వస్తారు. హైడ్ పార్క్‌లో షికాగో విశ్వవిద్యాలయం ఉంది. చుట్టుపక్కల పేటల్లో ఆఫ్రికన్ అమెరికన్లది పెద్ద సంఖ్య. పక్కనే ఉన్న జాక్సన్ పార్కులో 1893 ప్రపంచ ప్రదర్శన జరిగింది. 

సరిహద్దులు పదేళ్లకోసారి, జనాభా లెక్కల తర్వాత మారతాయి. 1990ల్లో ఈ నియోజకవర్గం హైడ్ పార్క్ నుంచి దక్షిణాన సౌత్ షోర్‌కు, పడమర షికాగో లాన్ వైపుకు విస్తరించి ఉండేది. ఇల్లినాయిస్ రాజ్యాంగంలో ఒక విచిత్రమైన ఏర్పాటుంది. కొత్త పటంపై శాసనసభలో ఒప్పందం కుదరకపోతే రెండు పార్టీలకూ సమాన సంఖ్యలో సభ్యులున్న సంఘం వేస్తారు. అక్కడా తేలకపోతే తొమ్మిదో సభ్యుణ్ని లాటరీ తీసి చేరుస్తారు. 2001 సెప్టెంబరులో రాష్ట్ర సెక్రటరీ జెస్సీ వైట్ లింకన్ టోపీని పోలిన టోపీలోంచి చీటీ తీశారు. డెమోక్రాట్ మైకేల్ బిలాండిక్ పేరు వచ్చింది. దాంతో పటం గీసే పని డెమోక్రాట్ల చేతికి చిక్కింది. కొత్త గీతలతో 13వ నియోజకవర్గం సరస్సు ఒడ్డు వెంబడే ఉత్తరానికి సాగి, సంపన్నులుండే గోల్డ్ కోస్ట్‌ను తాకింది. పేద, మధ్యతరగతి నల్లజాతి పేటల ప్రతినిధికి నగరంలోని పెద్ద దాతలు కూడా ఓటర్లయ్యారు. 2004లో అమెరికా సెనేట్‌కు పోటీ చేసిన ఒబామాకు ఇది చిన్న లాభమేమీ కాదు.

హైడ్ పార్క్ ప్రాంతానికి 1967 నుంచి 1991 దాకా రిచర్డ్ న్యూహౌస్ ప్రాతినిధ్యం వహించారు. 1975లో ఆయన షికాగో మేయర్ పదవికి కూడా పోటీ చేశారు. అనారోగ్యంతో ఆయన తప్పుకోగా ఆలిస్ పామర్‌ను నియమించారు. నియమించారు అనే మాట ఇక్కడ గమనించాలి. మన దగ్గర ఎమ్మెల్యే స్థానం ఖాళీ అయితే ఉప ఎన్నిక వస్తుంది. ఇల్లినాయిస్‌లో అదే పార్టీకి చెందిన స్థానిక కమిటీ సభ్యులు సమావేశమై వారసుణ్ని తేలుస్తారు. 2004లో ఒబామా స్థానంలోకి క్వామే రౌల్, రౌల్ 2019లో రాష్ట్ర అటార్నీ జనరల్ అయినప్పుడు రాబర్ట్ పీటర్స్ వచ్చింది ఈ దారిలోనే.

న్యూహౌస్ తర్వాత వచ్చిన ఈ నలుగురిలో ఒబామా ఒక్కరే ఎన్నికతో అడుగుపెట్టారు. కానీ ఆ ఎన్నిక కథ వేరు. 1995లో పామర్ అమెరికా కాంగ్రెస్ స్థానానికి పోటీకి దిగుతూ తన సీటుకు ఒబామాను బలపరిచారు. నవంబరులో, పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికలో జెస్సీ జాక్సన్ జూనియర్ చేతిలో ఓడాక, సెనేట్ సీటు మళ్లీ తనకే కావాలన్నారు. ఒబామా ససేమిరా అన్నారు. ప్రైమరీ బ్యాలెట్ ఎక్కాలంటే 757 మంది ఓటర్ల సంతకాలు కావాలి. పామర్ హడావిడిగా 1,580 సమర్పించారు. ఒబామా పక్షం వాటిని ఒక్కొక్కటే సవాలు చేసింది. చెల్లేవి చాలవని తేలడంతో పామర్ పోటీ మానుకున్నారు. మిగిలిన ముగ్గురు ప్రత్యర్థుల పత్రాలూ నిలబడలేదు. ఓటు హక్కు కోసం పనిచేసిన న్యాయవాది తన తొలి ఎన్నికలో ఓటర్లకు మరో పేరే లేకుండా చేశాడన్న విమర్శ అందుకే వచ్చింది. నియమం ప్రకారం ఆయన చేసిందాంట్లో తప్పు లేదు. 1996 మార్చి ప్రైమరీలో బ్యాలెట్‌పై ఉన్నది ఒబామా పేరొక్కటే.

గెలుపు ఖాయమైన సీటు కావడంతో, నేర న్యాయం వంటి ఓట్ల లెక్కలో ప్రమాదకరమైన అంశాలను ఇక్కడి ప్రతినిధులు భుజానికెత్తుకోగలిగారు. 2003లో డెమోక్రాట్లకు సెనేట్ ఆధిక్యం రాగానే, హత్య కేసుల్లో పోలీసు విచారణను రికార్డు చేయాలనే చట్టాన్ని ఒబామా నెగ్గించారు. 2011లో మరణశిక్షను రద్దు చేసిన బిల్లును సెనేట్‌లో నడిపింది రౌల్. బెయిలుకు డబ్బు కట్టించుకునే పద్ధతిని ఎత్తేయాలన్న పోరులో పీటర్స్ ముందు వరుసలో నిలిచారు. ఆ రద్దు 2023 సెప్టెంబరు 18న అమల్లోకి వచ్చింది. నగదు బెయిలును పూర్తిగా తొలగించిన తొలి అమెరికా రాష్ట్రం ఇల్లినాయిసే.