కారు పక్క అద్దాలపై గీతలు

కారు పక్క అద్దాలపై గీతలు అనగా కారు తలుపులలో పైకి, క్రిందికి కదలే గాజు పలకల మీద ఏర్పడే సన్నని గాట్లు, చారలు. గాజు కంటె గట్టిదైన రేణువు ఏదైనా గాజుకు ఒత్తుకొని కదలినపుడు ఇవి ఏర్పడతాయి. గీత ఏ వైపున ఉన్నది, ఏ దిశలో సాగినది, ఎక్కడ ఆగిపోయినది అనే మూడు విషయాలను పరిశీలించి కారణాన్ని చాలావరకు నిర్ధారించవచ్చును. కారణం తెలుసుకొనకుండా అద్దాన్ని మార్చినచో కొత్త అద్దం మీద కూడా అదే చోట గీత పడుతుంది. ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో గ్రానైటు క్వారీలు, బొగ్గు గనులు, ఇసుక రవాణా, విద్యుత్ కేంద్రపు బూడిద ఉన్నందున అక్కడి వాహనాలకు ఈ సమస్య ప్రత్యేకంగా వర్తిస్తుంది.

గాజు స్వభావం

కార్ల పక్క అద్దాలు సాధారణంగా 3 నుండి 5 మిల్లీమీటర్ల మందం కలిగి ఉంటాయి. ముందు అద్దం రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొరను ఉంచి అతికించినది కాగా, పక్క అద్దాలు ఎక్కువ కార్లలో టెంపర్డ్ గాజుతో చేయబడతాయి. గాజును 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, గాలితో వేగంగా చల్లార్చుట వలన దాని ఉపరితలం ఒత్తిడిలోను, లోపలి భాగం తన్యతలోను ఉండిపోతాయి. అందువలన ఈ గాజు సామాన్య గాజు కంటె బలమైనది. పగిలినపుడు మొద్దు అంచులు గల చిన్న ముక్కలుగా రాలిపోతుంది.

అయితే బలం వేరు, కాఠిన్యం వేరు. టెంపరింగ్ వలన గాజు పగలకుండా తట్టుకొనే శక్తి పెరుగుతుంది గాని గీతలను తట్టుకొనే శక్తి చెప్పుకోదగినంతగా పెరగదు. మోహ్ కాఠిన్య మానం ప్రకారం గాజు కాఠిన్యం 5.5 నుండి 6 వరకు ఉంటుంది. ఈ మానంలో పై అంకె గల పదార్థం క్రింది అంకె గల దానిని గీయగలదు. సాధారణ ఇసుకలో ప్రధానమైన క్వార్ట్జ్ కాఠిన్యం 7. కనుక ఒక్క ఇసుక రేణువు గాజును గీయుటకు చాలును.

ప్రాంతపు దుమ్ము

దుమ్ము అంతయు ఒకటి కాదు. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో కారు అద్దంపై చేరే దుమ్మును ఈ క్రింది విధంగా విభజించవచ్చును.

• గ్రానైటు పొడి: కరీంనగర్ ప్రాంతం టాన్ బ్రౌన్ అను గోధుమవర్ణపు గ్రానైటుకు ప్రసిద్ధి. గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఉంటాయి. ఫెల్డ్‌స్పార్ కాఠిన్యం 6. అభ్రకం మెత్తనిది. మొదటి రెండును గాజును గీయగలవు. రాయి పాలిష్‌కు వాడే సిలికాన్ కార్బైడ్ కాఠిన్యం 9కి పైన ఉంటుంది.
• చల్క నేలల మట్టి: గ్రానైటు శిథిలమై ఏర్పడిన ఎర్రనేల. ఇందులో క్వార్ట్జ్ ఇసుక రేణువులు ఎక్కువ.
• నల్లరేగడి: ఆదిలాబాదు పరిసరాలలో దక్కను నాపల బసాల్టు నుండి ఏర్పడినది. ఇందలి బంకమట్టి మెత్తనిది గాని, బసాల్టు రాతి రేణువులు గాజుకు దాదాపు సమానమైన కాఠిన్యం కలవి.
• బొగ్గు పొడి: గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి ప్రాంతాలలో కనబడుతుంది. బొగ్గు గాజు కంటె చాలా మెత్తనిది. అది అద్దాన్ని నల్లగా చేస్తుంది గాని స్వయంగా గీయజాలదు. అయితే ఓపెన్‌కాస్ట్ గనులలో బొగ్గు పైనుండి తొలగించే రాతిలో ఇసుకరాయి అధికం. అది ప్రధానంగా క్వార్ట్జ్‌తో ఏర్పడినది కనుక గని రహదారుల దుమ్ము గాజును గీస్తుంది.
• బూడిద: రామగుండం ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో ఉత్పత్తి ప్రారంభించినది. బొగ్గు బూడిదలో ఎక్కువ భాగం గుండ్రని గాజు వంటి కణాలు. వాటితో పాటు క్వార్ట్జ్, ముల్లైట్ కూడా ఉంటాయి.
• సున్నపురాయి పొడి, పత్తి నూగు: సున్నపురాయిలోని కాల్సైట్ కాఠిన్యం 3 మాత్రమే. ఇది గాని, జిన్నింగ్ మిల్లుల వద్ద ఎగిరే పత్తి నూగు గాని గాజును గీయవు. అయితే నూగు రబ్బరు పట్టీలలో చిక్కుకొని ఇసుకను పట్టి ఉంచుతుంది.

గీతల రకాలు, కారణాలు

నిలువు గీతలు: తలుపు పై అంచున, అద్దానికి లోపల ఒకటి, బయట ఒకటి రబ్బరు పట్టీలు ఉంటాయి. వీటిని గ్యారేజీలలో బీడింగ్ అని కూడా అంటారు. అద్దాన్ని తాకే చోట వీటికి మెత్తని నూగు ఉంటుంది. ఆ నూగులో ఇసుక చిక్కినపుడు అద్దం దిగిన ప్రతిసారి, ఎక్కిన ప్రతిసారి ఒకేచోట గీయబడుతుంది. రామగుండం వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట కద్దు. అట్టి ఎండకు రబ్బరు గట్టిపడి, నూగు రాలిపోతుంది. నూగు పూర్తిగా అరిగినచో పట్టీలోని లోహపు భాగమే గాజును తాకవచ్చును.

విల్లు వలె వంగిన గీతలు, చుట్టలు: పొడిగుడ్డతో తుడుచుట వలన ఏర్పడతాయి. చేయి మోచేతిని ఆధారం చేసుకొని కదలును గనుక ఈ గీతలు వంపు తిరిగి ఉంటాయి.

అడ్డ గీతలు: ఇరుకు బాటలలో చెట్లకొమ్మలు, పొదలు రాసుకొనుట వలన బయటివైపు ఏర్పడతాయి. ఆకు, ముల్లు గాజు కంటె మెత్తనివే. అవి అద్దంపై ముందే ఉన్న దుమ్మును ఈడ్చుట వలన గీతలు పడతాయి. ఇటువంటి గీతలు తలుపు రంగు మీద కూడా అదే ఎత్తున కొనసాగుతాయి.

లోపలివైపు గీతలు: ఉంగరపు రాళ్ళు, ఎండతెరల లోహపు చట్రాలు, ఫిల్మును బ్లేడుతో గీకుట దీనికి కారణాలు. అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించరాదని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు ఇచ్చినది. ఫిల్ము తీసివేసిన తరువాత మిగిలిన జిగురును పొడిగా ఉన్నపుడే బ్లేడుతో గీకినచో పొట్టి పొట్టి సమాంతర గీతలు గుంపులుగా ఏర్పడతాయి.

గీతలుగా భ్రమింపజేయు మరకలు: బోరునీటితో కడిగి ఎండలో ఆరనిచ్చిన అద్దంపై తెల్లని చారలు నిలుస్తాయి. నిమ్మరసం లేదా వెనిగర్ పూసి కొంతసేపటికి కడిగినచో కాల్షియం మరకలు కరగిపోతాయి. గీతలు కరగవు.

కారణం కనుగొను పద్ధతి

1. అద్దాన్ని ధారాళంగా నీటితో కడిగి, ఆరిన తరువాత పక్కనుండి వెలుగు పడునట్లు చూడవలెను.
2. గోటితో రెండు వైపుల తడిమి, గీత లోపల ఉన్నదా, బయట ఉన్నదా నిర్ణయించవలెను. లోపలి గీతకు బయటి దుమ్మును, కడిగిన వారిని నిందించుట సరికాదు.
3. కదలని అద్దంతో పోల్చవలెను. అనేక కార్లలో వెనుక తలుపు పక్కన చిన్న స్థిరమైన అద్దం ఉంటుంది. దానిపై కూడా అటువంటి గీతలే ఉన్నచో కారణం తుడుచుట లేదా కడుగుట. అది శుభ్రంగా ఉండి, కదలే అద్దం మీద మాత్రమే గీతలున్నచో కారణం తలుపులోనే ఉన్నది.
4. గీత దిశను అద్దం కదలే దిశతో పోల్చవలెను. అద్దం కొంచెం ఏటవాలుగా దిగే కార్లలో గీత కూడా అంతే ఏటవాలుగా ఉండవలెను.
5. గీత పై కొనను చూడవలెను. పట్టీలో చిక్కిన రేణువు అద్దం ఎంత దిగునో అంత మేరకే గీయగలదు. వెనుక తలుపు అద్దం ముప్పాతిక వంతు మాత్రమే దిగే కారులో గీత కూడా ముప్పాతిక వద్ద ఆగినచో రేణువు పట్టీలోనే ఉన్నట్లు. గీత అంతకు 5 సెంటీమీటర్లు తక్కువగా ఆగినచో, గీయు వస్తువు పట్టీకి సుమారు 5 సెంటీమీటర్ల క్రింద, తలుపు లోపల ఉన్నదని గ్రహించవచ్చును. అది వదులైన బోల్టు గాని, ఊడిన క్లిప్పు గాని కావచ్చును. అద్దాన్ని పూర్తిగా దించక సగమే దించు అలవాటున్న చోట గీత ఆ మేరకే ఉంటుంది కనుక ఈ కొలతకు ముందు ఆ విషయం విచారించవలెను.
6. గీత ఉన్న చోటికి సూటిగా తలుపు అంచున కాగితపు టేపు ముక్క అతికించి, అద్దం దించి, అక్కడి పట్టీని తడి తెల్లగుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డకు రేణువులు అంటినచో కారణం దొరికినట్లే. దొరకనిచో డోర్ ప్యాడ్ విప్పి లోపల చూడవలెను.

నిందారోపణ, సియాటెల్ ఉదంతం

అద్దంపై గీత కనబడగానే కారు కడిగిన పనివానిని గాని, పొరుగువారి పిల్లలను గాని అనుమానించుట సామాన్యం. గీత ఏర్పడిన రోజు వేరు, గీత కంటబడిన రోజు వేరు అనే సంగతి ఇక్కడ ముఖ్యమైనది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగినది. 1954 మార్చి, ఏప్రిల్ నెలలలో బెల్లింగ్‌హామ్ పట్టణంలోను, పిదప సియాటెల్ నగరంలోను కార్ల ముందు అద్దాలపై చిన్న గుంటలు పడినవని వేలాది ఫిర్యాదులు వచ్చినవి. మొదట ఆకతాయిలను, తరువాత ఆ సంవత్సరం మార్చిలో పసిఫిక్ మహాసముద్రంలో జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్షను జనులు అనుమానించిరి. నగర మేయర్ రాష్ట్ర గవర్నరును, అధ్యక్షుడు ఐసెన్‌హోవరును సహాయం కోరెను. పరిశీలనలో అవి చాలావరకు రహదారిపై తిరిగిన కార్లకు సహజంగా కలిగే అరుగుదల గుర్తులేనని తేలినది. అంతవరకు అద్దం గుండా చూచినవారు ఆ వార్తలతో అద్దాన్నే చూడసాగిరి. మెడాలియా, లార్సెన్ అను సామాజిక శాస్త్రవేత్తలు ఈ ఉదంతంపై 1958లో పరిశోధన వ్యాసం ప్రచురించిరి.

సరిచేయుట

గోటికి తగలని సన్నని గీతలను సీరియం ఆక్సైడ్ పొడిని నీటితో కలిపి, ఫెల్టు ప్యాడుతో పాలిష్ చేసి తగ్గించవచ్చును. గోటికి తగిలే గీత పోవలెనన్న గాజును ఎక్కువగా అరగదీయవలసి వస్తుంది. అప్పుడు ఆ చోట పల్లము ఏర్పడి దృశ్యం వంకరగా కనబడుతుంది. డ్రైవరు పక్క అద్దం గుండానే బయటి మిర్రరును చూడవలసి ఉన్నందున ఇది ప్రమాదకరం. గీతలు కూడా రాత్రివేళ ఎదురుగా వచ్చే లారీల దీపకాంతిని చెదరగొట్టి చూపును మసకబారుస్తాయి. పళ్ళపేస్టు లోతైన గీతలను పోగొట్టలేదు.

టెంపర్డ్ గాజును తయారైన తరువాత కోయుటకు, రంధ్రం చేయుటకు వీలుకాదు. కనుక ఆయా మోడలుకు తయారైన అద్దాన్నే అమర్చవలెను. కొత్త అద్దం ఐ.ఎస్. 2553 రెండవ భాగపు ప్రమాణానికి లోబడినదై ఉండవలెను. పాత అద్దం పగిలి మార్చినపుడు దాని ముక్కలు తలుపు అడుగున, పక్క గాడులలో మిగిలిపోతాయి. వాటిని వ్యాక్యూమ్‌తో పూర్తిగా తీయకున్న కొత్త అద్దం మొదటి రోజునే గీతలు పడవచ్చును. అరిగిన పట్టీలను కూడా అప్పుడే మార్చుట మేలు. పట్టీల ఖర్చు అద్దం ఖర్చు కంటె సాధారణంగా తక్కువ.

నివారణ

• దుమ్ము పట్టిన అద్దాన్ని దించరాదు. ముందుగా నీటితో కడుగవలెను.
• క్వారీ, గని, ఇసుక లారీలు తిరిగే బాటలలో అద్దాలు మూసి ఉంచవలెను.
• పట్టీలను, పక్క గాడులను అప్పుడప్పుడు నీటితోను, మెత్తని బ్రష్షుతోను శుభ్రపరచవలెను.
• అద్దం బిగుతుగా కదలినచో గ్రీజు, నూనె పూయరాదు. అవి దుమ్మును పట్టి ఉంచుతాయి. శుభ్రపరచిన గాడిలో సిలికాన్ స్ప్రే వాడవచ్చును.
• తుడుచు గుడ్డను నేలపై పడవేయరాదు. కారు అడుగు భాగం తుడిచిన గుడ్డతో అద్దం తుడువరాదు.

ఇవి కూడా చూడండి

• గాజు
• మోహ్ కాఠిన్య మానం
• గ్రానైటు
• సింగరేణి బొగ్గు గనులు
• రామగుండం