ఖలీఫా సైన్యం మీదికి నిజాం గుర్రాలు

పశ్చిమాసియాలో ఎక్కడ బాంబు పేలినా ఇక్కడి ముసల్మాన్ ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. 'మీవాళ్ళు ఎందుకట్లా కొట్టుకు చస్తారు?' అడిగేది ఎప్పుడూ మతోన్మాదే కానక్కర్లేదు. ఆఫీసులో పక్క సీటాయన అడుగుతాడు. అభ్యుదయ సభలో మన పక్కన కూర్చున్న మిత్రుడూ అడుగుతాడు. బాగ్దాద్‌కీ బోధన్‌కీ చుట్టరికమేమిటో వాళ్ళు చెప్పరు. మనలోనూ కొందరు 'ఉమ్మత్ అంతా ఒకటే' అని మురిసిపోయి ఆ లెక్కనే ఒప్పేసుకుంటారు. ఒకరిది నింద, ఇంకొకరిది మురిపెం. అక్కడ జరిగేదంతా మతం పనేనన్న నమ్మకం మాత్రం ఇద్దరిదీ. చరిత్ర ముందు ఈ నమ్మకం నిలవదు.

1914 నుంచే చూద్దాం. ఆ ఏడాది తుర్కీ సుల్తాన్ జర్మనీ పక్షాన యుద్ధంలో దిగాడు. ఆయనే ఖలీఫా కూడా. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల మీద జిహాద్ చేయమని ముస్లింలకు ఆయన పేర పిలుపు వెళ్ళింది. హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏం చేశాడు? బ్రిటిష్ వారికి విధేయంగా ఉండమని ముస్లింలకు ప్రకటన ఇచ్చాడు. హైదరాబాద్ లాన్సర్లు మొదట సూయజ్ కాలువ కాపలాకు, తర్వాత మైసూరు, జోధ్‌పూర్ రౌతులతో కలిసి పాలస్తీనా యుద్ధానికి వెళ్ళారు. వాళ్ళ ఈటెలకు ఎదురుగా ఉన్నది ఖలీఫా సైన్యం. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి ఆ హైదరాబాద్ రౌతుది. 1918లో నిజాంకు 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అన్న బిరుదు దక్కింది. 1924లో ఖిలాఫత్‌ను రద్దు చేసింది తుర్కీ పార్లమెంటే. దేశం విడిచిన ఆఖరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌ను 1931లో అదే నిజాం కోడలిగా తెచ్చుకున్నాడు. రాజుల లెక్కలు రాజులవి.

ఖలీఫా మీద కత్తి దూసింది నిజాం ఒక్కడే కాదు. 1916 జూన్‌లో మక్కా షరీఫ్ హుస్సేన్ తిరుగుబాటు చేశాడు. స్వతంత్ర అరబ్ రాజ్యం వస్తుందని బ్రిటిష్ అధికారి మెక్‌మహన్ ఉత్తరాల్లో ఆయనకు ఆశ చూపాడు. అప్పటికే, మే నెలలో, సైక్స్ అనే ఆంగ్లేయుడూ పికో అనే ఫ్రెంచివాడూ కుదిర్చిన రహస్య ఒప్పందం ఆ నేలను రెండు సామ్రాజ్యాలకు పంచింది. ఏడాదిన్నర తర్వాత, 1917 నవంబర్ 2న, బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫర్ పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి మద్దతు ప్రకటించాడు. అక్కడ అత్యధికులైన అరబ్బుల పేరే ఆ ప్రకటనలో లేదు. వాళ్ళు 'యూదేతర సముదాయాలు' అయ్యారు. ఒకే పొలాన్ని ముగ్గురికి రాసిచ్చిన పట్వారీ కథ ఇది. ఆ రహస్య ఒప్పందాన్ని అదే నెలలో బోల్షెవిక్కులు బయటపెట్టారు.

యుద్ధం అయ్యాక ఇరాక్, పాలస్తీనా బ్రిటన్ చేతికి, సిరియా, లెబనాన్ ఫ్రాన్స్ చేతికి వచ్చాయి. 1920లో ఇరాక్ షియాలు, సున్నీలు కలిసి బ్రిటన్ మీద తిరగబడ్డారు. షియా సున్నీలు ఎప్పుడూ కొట్టుకునేవాళ్ళేననే పండితులు ఈ ఏడాదిని దాటేస్తారు. హుస్సేన్ కొడుకు ఫైసల్‌ను ఫ్రెంచివాళ్ళు డమాస్కస్ నుంచి తరిమేస్తే, 1921లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చి బాగ్దాద్ గద్దె మీద కూర్చోబెట్టారు. 1927లో కిర్కుక్ దగ్గర చమురు ఎగజిమ్మింది. గద్దె ఎవరిదన్న ప్రశ్నలో చమురు ఎవరిదన్న ప్రశ్న కలిసిపోయింది.

ఇరాన్‌లో ఈ ప్రశ్నను ప్రధాని మొసాద్దెఖ్ సూటిగా అడిగాడు. 1951లో చమురును జాతీయం చేశాడు. ఆయన ముల్లా కాదు, పార్లమెంటును నమ్మిన జాతీయవాది. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కుట్ర నడిపి ఆయన్ని కూలదోశాయి. మిగతా దారులు షా మూసేస్తూ పోయాక 1979లో విప్లవం మసీదు గుండా వచ్చింది. ముస్లిం దేశాల్లో ప్రజాస్వామ్యం ఎందుకుండదని అడిగేవారు 1953 గురించి అడగరు.

పోనీ పాలస్తీనాది మతయుద్ధమా? 1948లో ఇళ్ళూ ఊళ్ళూ పోగొట్టుకున్న సుమారు 7 లక్షల మందిలో క్రైస్తవులూ ఉన్నారు. గెరిల్లా నాయకుడు జార్జి హబష్, రచయిత ఎడ్వర్డ్ సయీద్ ఇద్దరూ క్రైస్తవ కుటుంబాలవాళ్ళే. 1970లో జోర్డాన్‌లో పాలస్తీనా గెరిల్లాలను అణచింది మక్కా షరీఫ్ మునిమనవడైన రాజు సైన్యం.

1980 సెప్టెంబర్‌లో సద్దాం ఇరాన్ మీద దండెత్తాడు. ఎనిమిదేళ్ళలో లక్షల మంది చచ్చారు. రెండు వైపులా కలిమా చదివేవాళ్ళే. సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ ఇరాక్‌కు ఆయుధాలు అమ్మాయి. సౌదీ, కువైట్ డబ్బిచ్చాయి. అమెరికా ఇరాక్‌కు నిఘా సమాచారం ఇస్తూనే ఇరాన్‌కు క్షిపణులు అమ్మింది, అదీ మొదట్లో ఇజ్రాయెల్ ద్వారా. 1986లో ఆ గుట్టు రట్టయింది. సద్దాం తనను సలాహుద్దీన్‌తో పోల్చుకునేవాడు. ఇద్దరిదీ తిక్రిత్ ప్రాంతమే. అయితే సలాహుద్దీన్ కుర్దు. 1988 మార్చి 16న హలబ్జాలో సద్దాం విషవాయువుకు బలైన దాదాపు 5 వేల మందీ కుర్దులే. 1991లో ఇక్కడ సద్దాంను వీరుడన్న మన సోదరులు ఆ ఊరి పేరు తలచుకోలేదు.

1990 ఆగస్టు 2న అతను కువైట్‌ను మింగినప్పుడు సౌదీ, ఈజిప్టు, సిరియా అమెరికా పక్కన నిలబడ్డాయి. కువైట్‌లో చిక్కుకున్న సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. సామాను పోయింది, కూలి పోయింది. హిందువెవరు, ముస్లిమెవరు అని యుద్ధం అడగలేదు. ఆ నేలతో మన జిల్లాలకు నేటికీ ఉన్నది ఈ చెమట బంధమే.

2003లో లేని ఆయుధాల పేరు చెప్పి ఇరాక్‌ను కూల్చారు. 2020లో ఎమిరేట్స్, బహ్రెయిన్ ఇజ్రాయెల్‌తో చేతులు కలిపాయి. 2023 మార్చిలో సౌదీ, ఇరాన్ బీజింగ్‌లో రాజీపడ్డాయి. అదే ఏడాది అక్టోబర్ 7న హమాస్ ఇజ్రాయెల్ పౌరులను చంపింది. ఆ తర్వాత ఇజ్రాయెల్ దాడుల్లో గాజాలో పదుల వేల మంది చనిపోయారు. పిల్లల శవాలను లెక్కపెట్టడానికి మతం అక్కర్లేదు, మనిషైతే చాలు.

వియత్నాం మీద అమెరికా బాంబులు వేసినప్పుడు తెలుగు కవులు గొంతెత్తారు. వాళ్ళకు వియత్నాంతో ఏం చుట్టరికమని ఎవరూ నిలదీయలేదు. అన్యాయాన్ని అన్యాయమనడం కవి ధర్మమన్నారు. పాలస్తీనా గురించి తెలుగు ముసల్మాన్ మాట్లాడితే మాత్రం అతని దేశభక్తిని తూకం వేస్తారు. మాకు ప్రత్యేకమైన తక్కెడ వద్దు. వియత్నాం మీద మాట్లాడిన తెలుగువాడికి ఇచ్చిన హక్కే మాకూ ఇవ్వండి. హలబ్జా గురించీ, గాజా గురించీ ఒకే గొంతుతో మాట్లాడే బాధ్యత మేం తీసుకుంటాం.