అడయారు కాన్సరు సంస్థ: తొలి 60 ఏండ్ల సేవ

అడయారు కాన్సరు సంస్థ వజ్రోత్సవ సంచికకు వ్యాసము వ్రాయుమని కోరినంతనే నా మనస్సున మెదలినది డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారి మూర్తి. చెల్లెలిని కాన్సరు పొట్టనబెట్టుకొనగా, ఆ దుఃఖమును దీక్షగా మార్చుకొని, మందులేని రోగమునకు ఆసుపత్రి యెందులకని ఆనాటి పాలకులు పెదవి విరిచినను వెనుదీయక, భారత మహిళా సంఘము పక్షమున చందాలు పోగుచేసి, 1952లో నెహ్రూగారిచే శంకుస్థాపన చేయించి, 1954 జూన్‌లో 12 పడకలతో ఆమె తెరిపించిన చికిత్సాలయమే ఈ సంస్థ. ఆమె కుమారులు కీర్తిశేషులు డాక్టర్ కృష్ణమూర్తి గారును, 1955లో చేరి జీవితాంతము ఈ ఆవరణలోనే నివసించిన డాక్టర్ శాంత గారును దానిని ప్రాణముగా పెంచిరి. తరువాతి దశాబ్దములు కట్టడములతోను యంత్రములతోను గడచినవి; వానివెంట చికిత్సలును మారినవి, అందొకటి చెప్పెదను.

కండరమునను క్రొవ్వునను పుట్టు సార్కోమా యను కాన్సరు ముదిరి తొడ నాక్రమించినచో, కాలు మొదలంట తీసివేయుటయే ఒకప్పటి చికిత్స. అమెరికా జాతీయ కాన్సరు సంస్థవారు 43 మంది రోగులలో కొందరికి అవయవమును ఖండించి, కొందరికి కంతిని మాత్రము తొలగించి కిరణచికిత్స చేసి, ఉభయులకును కీమో మందులిచ్చి చూడగా, అవయవమును నిలుపుకొన్నవారి ఆయువు తగ్గలేదని 1982లో ప్రకటించిరి. కత్తి, కిరణము, మందు కలసి నడువవలెనని తొలినుండియు నమ్మిన మన సంస్థకు ఇది సొంత మార్గమువలెనే తోచెను. పెద్ద కంతికి ముందుగా ఐదు వారములు, మన రోగులు కరెంటు పెట్టుట యనెడి కిరణచికిత్స చేసి, చర్మము కోలుకొనువరకు కొన్ని వారములాగి, చుట్టునున్న మంచికండ కొంత చేర్చి, పెద్ద నరమును రక్తనాళమును కాపాడుచు, కంతిని చితుకనీయక ఒక్క ముద్దగా తీయుదురు. నెల్లూరు జిల్లా రైతుబిడ్డ యొకడు అట్టి శస్త్రచికిత్స యనంతరము మంచముపై కూర్చుండగా, తల్లి దుప్పటి తొలగించి, కాలివ్రేళ్లు కదుపుమని మరల మరల అడిగి చూచుకొనుట కన్నులార కంటిని.



శుభవేళయైనను ఒక వ్యథ చెప్పక తప్పదు. మా అన్నగారి తొడలోని గడ్డను మా ప్రాంతపు పట్టణమున ఒకచోట, ముక్క పరీక్షయైన చేయక, క్రొవ్వుగడ్డయని కోసివేసిరి. కొన్ని నెలలకే అది తిరిగి మొలచి నరమును చుట్టుకొనుటచే, ఇచటివారెంత యత్నించినను కాలు దక్కలేదు. మొదటే ఇచటికి తెచ్చియుండిన దక్కెడిదేమో యను మాట మా వదినగారి నోట నేటికిని ఆగలేదు. ఇంత విద్య యుండియు అది ఊళ్లకు చేరకపోవుట మనందరి లోపము. ఐదు సెంటీమీటర్లకు మించినది గాని, లోతున నున్నది గాని, పెరుగుచున్నది గాని యగు గడ్డను స్కాను, ముక్క పరీక్ష కాకముందు కోయరాదని ప్రతి ఊరి వైద్యునకును తెలుగు, తమిళములలో తెలియజేయు పనిని వెంటనే చేపట్టవలెనని సంస్థవారికి నా విన్నపము.