ధ్యానం, మతం, సైనిక ఆజ్ఞ: అమెరికా అనుభవంపై ఒక పరిశీలన

ఇరాక్ వెళ్లబోయే కొందరు మెరైన్ రిజర్వు సైనికులకు 2008లో అమెరికాలో ధ్యానం నేర్పారు. సైనిక గూఢచార విభాగంలో అధికారిగా పనిచేసిన ఎలిజబెత్ స్టాన్లీ ఆ 8 వారాల శిక్షణను రూపొందించగా, నాడీశాస్త్రవేత్త అమీషి ఝా బృందం ఫలితాలను కొలిచింది. ఊపిరి మీదా, పాదం నేలను తాకే చోటా దృష్టి నిలపడం, చెదిరితే మళ్లీ తెచ్చుకోవడం ఇందులో ప్రధానమైన అభ్యాసం. మంత్రం లేదు, దైవనామం లేదు. అయినా ఇలాంటి శిక్షణపై మతపరమైన అభ్యంతరాలకు తావుంది. వాటికి మూలం ధ్యానం పుట్టుకలో కన్నా, దాన్ని నేర్పే నిర్బంధంలోనే ఎక్కువగా ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

అభ్యంతరాల తీరు

క్రైస్తవంలోని ఒక వర్గం దృష్టిలో ఇది ముసుగు వేసుకున్న మతం. తూర్పుదేశాల ధ్యానపద్ధతులను క్రైస్తవ ప్రార్థనతో కలపడంలోని ప్రమాదాలను వాటికన్ 1989లోనే ఒక లేఖలో హెచ్చరించింది. కోర్టుల్లోనూ ఈ అనుమానానికి ఆధారం దొరికింది. న్యూజెర్సీ ప్రభుత్వ పాఠశాలల్లో భావాతీత ధ్యానాన్ని పాఠ్యాంశంగా పెట్టినప్పుడు, మంత్రం పుచ్చుకునే పూజకు ప్రతి విద్యార్థీ పండ్లు, పూలు, తెల్ల చేతిరుమాలు తేవలసి వచ్చింది. గురువు సంస్కృతంలో స్తుతి చదివేవాడు. ఈ పాఠ్యాంశం రాజ్యాంగ విరుద్ధమని 1979లో మాల్నాక్ కేసులో అప్పీలు కోర్టు తేల్చింది.

బౌద్ధుల ఆక్షేపణ దీనికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. సమ్యక్ ఆజీవం (ధర్మబద్ధమైన జీవనోపాధి) నుంచి, అహింస నుంచి విడదీసిన స్మృతి (ఎరుక) వట్టి ఏకాగ్రత మాత్రమేనని వారి వాదం. యుద్ధంలో చనిపోయినవాడు స్వర్గానికి వెళతాడా అని అడిగిన యోధుడికి బుద్ధుడు అనుకూలంగా జవాబివ్వలేదని సంయుత్త నికాయం చెబుతుంది. బౌద్ధ రచయితలు రోనాల్డ్ పర్సర్, డేవిడ్ లోయ్ 2013లో ఇదే కోణంలో, నీతిని వదిలేసిన ధ్యాన వ్యాపారాన్ని విమర్శించారు.

మూడో స్వరం నాస్తికులది. 2009లో సైన్యం తెచ్చిన మానసిక దారుఢ్య పథకం ప్రశ్నావళిలో 'ఆత్మిక' అంశం కూడా ఉండేది. అందులో తక్కువ మార్కులొస్తే లోపమున్నట్టు చూపడాన్ని కొందరు సైనికులు ప్రశ్నించారు.

'ఇది కేవలం మెదడుకు కసరత్తు' అన్న సమాధానం మొదటి వర్గానికి కొంత ఊరట. కానీ బౌద్ధుల ఫిర్యాదును అదే బలపరుస్తుంది. కాబట్టి ధ్యానం మతమా కాదా అని తేల్చడంతో వివాదం తీరదు.

అసలు చిక్కు

అసలు ప్రశ్న నిర్బంధానిది. ఇక్కడ మాల్నాక్ కంటే 1972 నాటి ఆండర్సన్ వర్సెస్ లేయర్డ్ కేసు ఎక్కువ ఉపయోగపడుతుంది. మూడు సైనిక అకాడమీల్లో ఆదివారం ప్రొటెస్టెంట్, కాథలిక్, యూదు ఆరాధనల్లో ఏదో ఒకదానికి హాజరు తప్పనిసరిగా ఉండేది. ఎగ్గొడితే మందలింపు నుంచి, పదేపదే జరిగితే బహిష్కరణ దాకా శిక్షలుండేవి. తాము కోరేది హాజరే తప్ప ఆరాధన కాదనీ, సైనికుల జీవితంలో మతం ఎలా పనిచేస్తుందో కాబోయే అధికారులకు తెలియాలనీ ప్రభుత్వం వాదించింది. అంటే చర్చి హాజరును కూడా శిక్షణగానే చూపింది. కోర్టు ఒప్పుకోలేదు.

ధ్యానం చర్చి ఆరాధనతో సమానం కాదు. అయితే 'శిక్షణ' అన్న పేరు పెట్టినంత మాత్రాన మనస్సాక్షి ప్రశ్న మాయం కాదని ఆ తీర్పు చెబుతుంది. పాఠశాల పిల్లవాడిని తల్లిదండ్రులు తరగతి మాన్పించగలరు. సైనికుడికి పై అధికారి సూచన కూడా ఆజ్ఞలాగే వినిపిస్తుంది.

ముగింపు

ఝా బృందం 2010లో ప్రచురించిన ఫలితాలు ఈ వాదానికి ఇంకో వైపు నుంచి తోడవుతాయి. విషయాన్ని అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచే శక్తి, ఎక్కువ సాధన చేసినవారిలో పెరిగింది. తక్కువ చేసినవారిలో తగ్గింది. హాజరును ఆజ్ఞతో రాబట్టవచ్చు, సాధనను రాబట్టలేం. అందుకే అదే సమయంలో మరో వ్యాయామాన్నో మౌన ప్రార్థననో ఎంచుకునే వీలుండాలి. ధ్యానం వద్దన్నవారి విషయం పదోన్నతి పత్రాల్లోకి ఎక్కకూడదు. మత స్వేచ్ఛకూ, శిక్షణ ప్రయోజనానికీ రెండింటికీ ఇదే మేలు.